తూముల వంతు లెక్క: బ్యాక్‌ట్రాకింగ్ సాల్వర్ ప్రాజెక్టు డైరీ

పని ఏంటిదంటే: సాగర్ ఎడమ కాల్వ కింద, నల్లగొండ జిల్లాలో ఒక మైనరు కాల్వకు 12 తూములు. యాసంగిలో ఆన్ ఆఫ్ పద్ధతిలో (కొన్ని రోజులు వదిలి, కొన్ని రోజులు ఆపి) నీళ్లు ఇచ్చినప్పుడు, నీళ్లు పారే ఏడు రోజుల్లో ఏ తూము ఎప్పుడు తెరవాలె, ఎప్పుడు మూయాలె అన్న వంతుల పట్టిక తయారుచేసే సాల్వర్ (షరతులకు కుదిరే జవాబు వెతికే ప్రోగ్రాం) సొంతంగా రాయాలె. బ్యాక్‌ట్రాకింగ్ అంటే ఒక్కో తూముకు పూట పెట్టుకుంటూ పోయి, దారి మూసుకుపోతే వెనక్కొచ్చి ఇంకో పూట చూసుడు. రెడీమేడ్ సాల్వర్లు ఉన్నయి. చివరికి వాటితోనే సరిచూస్తం. కానీ లోపల సెర్చ్ ఎట్ల నడుస్తదో తెలియకుండా రెడీమేడ్ దాంట్లో పడేస్తే, అది గంటసేపు ఉలుకూ పలుకూ లేకుండా తిరిగినప్పుడు ఏం చేయాలెనో తెలియదు.

1వ రోజు. లెక్కను కాగితం మీద పెట్టుడు

ఏడు రోజులను 14 పూటలు చేసినం, పూటకు 12 గంటలు. 1, 3, 5 లాంటి బేసి పూటలు పగలు, సరి పూటలు రాత్రి. మైనరులో వచ్చేది 6 క్యూసెక్కులు, ఒక్కో తూము తీసుకునేది 2. కాబట్టి ఏ పూటలోనైనా మూడు తూములకు మించి తెరవొద్దు. ఒక్కో తూముకు వరుసగా 3 పూటలు కావాలె.

ఈ 3 పూటలు ఎక్కడి నుంచి వచ్చినయంటే, ఒక క్యూసెక్కు ఒక గంట పారితే 3,600 ఘనపుటడుగులు. ఒక ఎకరంలో అంగుళం నీళ్లు నిలవాలంటే 3,630. అంటే గంటకు క్యూసెక్కు దాదాపు ఎకరం అంగుళం. 2 క్యూసెక్కులు 36 గంటలు పారితే 72 ఎకరం అంగుళాలు, రెండంగుళాల తడి చొప్పున 36 ఎకరాలు. కాల్వలో ఇంకిపోయే నీళ్లు తీసేసి తూముకు 30 ఎకరాలే లెక్క కట్టినం.

తూము మొదలయ్యే పూటే వేరియబుల్, అంటే సాల్వర్ తేల్చాల్సిన విలువ. 1 నుంచి 12 దాకా ఏదైనా కావచ్చు (12లో మొదలైతే 14లో అయిపోతది). షరతులు ఇవి:

పూటకు మూడు తూములకు మించొద్దు. కొసకు ఉన్న 9, 10, 11, 12లో ఏది పారుతున్నా, పైనున్న 1 నుంచి 4లో ఒక్కదానికి మించి తెరవొద్దు, లేకపోతే కొసకు మట్టం అందదు. 2వ తూము అడుగు మట్టం కాస్త కిందికి ఉంది, వాటాకు మించి గుంజుతది, అందుకని 2, 12 కలిసి పారొద్దు. 5, 6 కాల్వకు ఎదురెదురు గట్ల మీద ఉన్నయి, అవీ కలిసి వద్దు. 5, 7 మూతలు బరువు, పగలే తెరవాలె. 3 కింద యూరియా చల్లుతున్నరు, 5వ పూటకు ముందు నీళ్లు వద్దు. పోయిన వంతు కొస నుంచి మొదలైంది, ఎడం ఎక్కువైతదని 9 నుంచి 12 దాకా అన్నీ 3వ పూటలోపే మొదలు కావాలె.

ఏ షరతూ చూడకుండా అన్ని అమరికలూ లెక్కేస్తే 12ను 12 సార్లు గుణించాలె: 8,916,100,448,256. సెకనుకు పది లక్షలు చూసినా 103 రోజులు. యాసంగి వరి కోతకొస్తది.

2వ రోజు. ఇంజను, దానికి పరీక్ష

కాల్వ లెక్క మీద ఇంజనును (సాల్వర్‌లో వెతికే భాగాన్ని) పరీక్షించొద్దు. జవాబు ముందే తెలిసిన దాని మీద చేయాలె. ఎనిమిది రాణుల లెక్క దానికి సరిపోతది. 8×8 చదరంగం పలక మీద ఒకదాన్నొకటి కొట్టకుండా 8 రాణులు పెట్టే తీర్లు సరిగ్గా 92. వరుసకొక రాణి చొప్పున పైనుంచి కిందికి పోతుంటే, సెర్చ్ చెట్టులో మెట్టుమెట్టుకు ఎన్ని నోడ్లు (అప్పటిదాకా చెల్లిన అమరికలు) ఉంటయో కూడా ఖాయం: వేరు 1, తర్వాత 8, 42, 140, 344, 568, 550, 312, 92. మొత్తం 2,057. మొదటగా దొరికేది 1 5 8 6 3 7 2 4.

ఈ తొమ్మిది అంకెలూ తేడా లేకుండా వచ్చేదాకా ముందుకు పోలేదు. 92 ఒక్కటి సరిపోతే చాలదు. కత్తిరించాల్సిన కొమ్మను కత్తిరించకుండా లోపలికి పోయి వచ్చినా 92 వస్తది, నోడ్ల లెక్కే దొరికిస్తది. తర్వాత ఫార్వర్డ్ చెకింగ్ (ఒక విలువ పెట్టగానే మిగతావాటికి చెల్లనివి ముందే తీసేసుడు) పెట్టినప్పుడు 92 మారొద్దు, 2,057 మాత్రం తగ్గాలె. రెండింట్లో ఏది తప్పినా కోడ్‌లో తేడా ఉన్నట్టే.

3వ రోజు. ట్రైల్

ఒక తూముకు పూట పెట్టగానే మిగతా తూముల డొమైన్లలోంచి (వీలైన పూటల జాబితాల్లోంచి) కొన్ని విలువలు పోతయి. దారి మూసుకుపోతే వెనక్కి రావాలె, పోయినవన్నీ తిరిగి చేరాలె. ప్రతి మెట్టులో మొత్తం కాపీ చేసుకోవచ్చు, లేదా మారినదాని పాత విలువను ఒక వరుసలో రాసుకుంటూ పోవచ్చు. ఆ వరుసే ట్రైల్. ప్రోలాగ్ భాష కాలం నుంచి వస్తున్న పద్ధతి. జీకోడ్ అనే రెడీమేడ్ సాల్వర్ మాత్రం కాపీ దారి పట్టింది: అన్ని మెట్లలో కాకుండా కొన్ని మెట్లకొక కాపీ పెట్టుకుని, నడుమది మళ్లీ లెక్కేసుకుంటది. మనది చిన్న లెక్క, డొమైన్ 12 బిట్ల అంకె, ట్రైలే తేలిక.

మొదటి తప్పు ఇక్కడే. రాణుల లెక్కలో 92 కన్నా తక్కువ వచ్చినయి. ప్రోగ్రాం ఎక్కడా ఆగలేదు, ఎర్రర్ లేదు, జవాబులే మాయం. బ్యాక్‌ట్రాకింగ్ కోడ్‌లో ఎక్కువ తప్పులు ఇట్లనే ఉంటయి: చప్పుడు చేయవు.

12వ తూముతో చూస్తే అర్థమైతది. దాని డొమైన్ 1, 2, 3. బిట్లలో (కుడి నుంచి పూటకొకటి) 111, అంటే 7. ఒకే మెట్టులో ముందు 2 పోయింది: 101, అంటే 5. తర్వాత 3 పోయింది: 001, అంటే 1. ట్రైల్‌లో రెండు నమోదులు: 7, దాని తర్వాత 5. వెనక్కి వచ్చేటప్పుడు మొదటి నుంచి చదివితే ముందు 7 పెడతది, దాని మీద 5 పెడతది. మిగిలేది 101. రెండో పూట ఎప్పటికీ పోయినట్టే. కొస నుంచి చదివితే ముందు 5, తర్వాత 7, సరిగ్గా మొదలున్న చోటికే. కింద గుర్తు అంటే ఆ మెట్టు మొదలైనప్పుడు ట్రైల్ ఎంత పొడవుందో ఆ అంకె.

వెనక్కి(గుర్తు):
  ట్రైల్ పొడవు గుర్తు కన్నా ఎక్కువ ఉన్నంతసేపు:
    తూము, పాతది = ట్రైల్ కొస నుంచి తీయి
    డొమైన్[తూము] = పాతది

రాణుల లెక్కలో ఇది బయటపడింది ఎందుకంటే, ఒక రాణి కింది వరుసలో నిలువు గడి ఒకటి, ఏటవాలు గడులు రెండు కొడతది. ఒకే మెట్టులో ఒకే డొమైన్ మూడుసార్లు మారొచ్చు. ఒక్కసారే మారే లెక్క మీద పరీక్షించి ఉంటే ఈ తప్పు దొరికేది కాదు.

4వ రోజు. ముద్ర

ఒక మెట్టులో ఒక డొమైన్ ఎన్నిసార్లు మారినా మొదటి పాత విలువ రాసుకుంటే చాలు. దానికి ప్రతి డొమైన్ మీద, చివరిసారి ఎప్పుడు రాసుకున్నమో ఒక ముద్ర. ఆ ముద్రగా మెట్టు నంబరు వాడితే కొంప మునుగుతది: మెట్టు 3కు పోయి, వెనక్కొచ్చి, మళ్లీ వేరే విలువతో మెట్టు 3కే పోతం. పాత ముద్ర 3 అట్లనే ఉంది కాబట్టి, ఇప్పటికే రాసుకున్నం అనుకుని వదిలేస్తది. మార్పు వెనక్కి రాదు. ముద్ర అంకె ఎప్పుడూ పెరుగుతూనే ఉండాలె. కిందికి దిగినప్పుడూ ఒకటి కలపాలె, వెనక్కి వచ్చినప్పుడూ ఒకటి కలపాలె. అప్పుడప్పుడు ఒక నమోదు ఎక్కువ రాస్తది, దాంతో నష్టం లేదు.

కొమ్మలు రెండే పెట్టినం: ఎడమకు "5వ తూము 7వ పూట", కుడికి "5వ తూము 7వ పూట కాదు". కుడి కొమ్మలో 7ను తీసేయడం ట్రైల్ వెనక్కి తిప్పిన తర్వాతే చేయాలె. ముందు చేస్తే, ఆ తీసివేత కూడా వెనక్కి తిరిగి, 7 మళ్లీ డొమైన్‌లోకి వస్తది. సెర్చ్ అదే విలువ చుట్టూ గానుగెద్దు లెక్క తిరుగుతది. కుడి కొమ్మను రికర్షన్‌తో (ఫంక్షన్ తనను తానే పిలుచుకునుడు) కాకుండా లూప్‌తో రాసినం, ఎందుకంటే పైథాన్‌లో రికర్షన్ లోతు హద్దు మామూలుగా 1,000. 12 తూములకు చాలుతది గానీ రేపు పెద్ద కాల్వకు చాలదు.

5వ రోజు. ఉత్త బ్యాక్‌ట్రాకింగ్‌తో కాల్వ లెక్క

ఇది ఆగలేదు. ఎందుకు ఆగలేదో చేత్తో నడిపించి చూసినం. తూములు 1 నుంచి 12 వరుసలో, ప్రతిదానికి వీలైన మొదటి పూట:

1 → 1వ పూట. 2 → 1. 3 → 5. 4 → 1. ఇక్కడితో 1, 2, 3 పూటలు నిండినయి. 5 → 5. 6కు 5తో కలవొద్దు కాబట్టి → 8. 7 → 5. 8 → 8. ఇప్పుడు 9వ తూము. దానికి ఉన్నవి 1, 2, 3 పూటలే. ఎక్కడ మొదలైనా 3వ పూటను తాకాల్సిందే, అది నిండి ఉంది. దారి లేదు.

ఉత్త బ్యాక్‌ట్రాకింగ్ ఏం చేస్తదంటే, 8వ తూమును జరిపి చూస్తది. 9కి అడ్డం 8 కాదు. అయినా 8 విలువలన్నీ అయ్యాక 7, తర్వాత 6, తర్వాత 5, ఒక్కోదానికి కిందివన్నీ మళ్లీ మొదటి నుంచి. తప్పు 1, 2, 4 దగ్గర ఉంటే ఇది 5 నుంచి 8 దాకా ఉన్నవాటిని తిప్పుతది.

బ్యాక్‌జంపింగ్ దీనికే. 9 ఎందుకు ఓడిందో కారణాలు రాసుకుని, ఆ కారణాల్లో అన్నిటికన్నా దగ్గరి తూముకు నేరుగా దూకుతది. కానీ ఒక్క సంగతి జాగ్రత్తగా చూడాలె. 9 ఓడడానికి ఇక్కడ రెండు కారణాలు చెప్పొచ్చు. కెపాసిటీ షరతు (పూటకు మూడే) ప్రకారం తప్పు 1, 2, 4ది, అప్పుడు 4కు దూకుతది. కొస తూముల షరతు ప్రకారం 1, 2 రెండూ తెరిచి ఉండడమే తప్పు, అప్పుడు 2కే దూకుతది. రెండూ సరైన కారణాలే. రెండోది ఇంకా పైకి తీసుకపోతది. మొదట దొరికిన కారణాన్ని రాసుకుంటే సగం లాభం పోతది. అన్ని షరతులనూ అడిగి, పైకి తీసుకపోయే కారణాన్ని ఎంచుకోవాలె.

దూకుడు పెట్టినాక వేగం వచ్చింది గానీ జవాబు రాలేదు. "జవాబు లేదు" అని తేల్చింది.

6, 7 రోజులు. ప్రొపగేషన్, దాంతో పాటు బయటపడ్డ అసలు తప్పు

జవాబు లేదని సాల్వర్ అన్నప్పుడు ముందు సాల్వర్ మీద అనుమానం రావాలె, తర్వాత లెక్క మీద. రాణుల పరీక్ష మళ్లీ నడిపితే 92 వచ్చింది. అంటే తప్పు లెక్కలోనే.

ప్రొపగేషన్ అంటే షరతులను బట్టి చెల్లని విలువలను ముందే డొమైన్లలోంచి తీసేసుడు. కెపాసిటీ షరతుకు తప్పనిసరి భాగం అన్న పద్ధతి పెట్టినం. 12వ తూము 1, 2, 3లో ఎక్కడ మొదలైనా 3వ పూటలో పారుతూనే ఉంటది: 1లో మొదలైతే 1, 2, 3. 3లో మొదలైతే 3, 4, 5. మొదలు ఎప్పుడో తెలియకపోయినా 3వ పూటలో అది ఉందన్నది ఖాయం. సూత్రం తేలిక: ఆలస్యంగా మొదలయ్యే పూట నుంచి, తొందరగా ముగిసే పూట దాకా తప్పనిసరి.

ఇది పెట్టగానే ఒక్క నోడ్ కూడా తెరవకుండా తేలిపోయింది. 9, 10, 11, 12 నాలుగూ 3వ పూటలో తప్పనిసరి. కెపాసిటీ మూడు. అంతే. 1 నుంచి 8 దాకా తూములకు విడివిడిగా ఉన్న విలువలను గుణిస్తే 71,663,616 అమరికలు. వాటిలో కెపాసిటీకి నిలిచే ప్రతి అమరిక కింద 5వ రోజు సెర్చ్ ఇదే గోడకు తగులుతుండె. ఓటమి ఎంత తొందరగా కనబడుతదన్న దాని మీదనే సెర్చ్ ఖర్చంతా ఉంటది, వెనక్కి ఎంత వేగంగా వస్తమన్నది దాని తర్వాతి మాట.

షరతు సడలించాలె. కాల్వ మీద పనిచేసే లస్కర్‌ను అడిగితే వచ్చిన జవాబు: "తొమ్మిదిది ఒక పూట ఆగితే ఏం గాదు సారూ, దాని కింద నల్లరేగడి, తడి నిలుస్తది. పన్నెండుది ఆపితే మాత్రం కొట్లాట." 9కి 4వ పూట దాకా వీలిచ్చినం.

మళ్లీ ప్రొపగేషన్. 10, 11, 12తో 3వ పూట నిండింది, కాబట్టి 9కి 1, 2, 3 పోయి 4 ఒక్కటే మిగిలింది. 1 నుంచి 8 దాకా అన్నిటికీ 1, 2, 3 పోయినయి. 1, 2, 4, 6, 8కు తొమ్మిదేసి విలువలు, 3కు ఎనిమిది, 5, 7కు నాలుగేసి (5, 7, 9, 11), 10, 11, 12కు మూడేసి. గుణిస్తే 204,073,344. మొదలున్న 8.9 లక్షల కోట్ల నుంచి ఇరవై కోట్లకు, సెర్చ్ ఇంకా మొదలుకాకుండనే.

8వ రోజు. ఏ తూము ముందు

హరాలిక్, ఎలియట్ 1980లో చెప్పిన సూత్రం: ఓడిపోయే అవకాశం ఎక్కువున్న చోటే ముందు చేయి పెట్టు. అంటే తక్కువ విలువలున్న తూము ముందు. ఇక్కడ వరుస 10, 11, 12, తర్వాత 5, 7, తర్వాత 3. ఈ వరుసా ప్రొపగేషనూ కలిశాక బ్యాక్‌జంపింగ్ లాభం బాగా తగ్గిపోయింది, తప్పు చేసిన తూముకూ ఓడిన తూముకూ మధ్య దూరమే మిగలలేదు. కోడ్‌లోంచి తీసేసినం. కారణాల జాబితా మోయాల్సిన బరువు తగ్గింది.

సమానమైన విలువలున్నప్పుడు ఏది? 2004 నుంచి వాడుకలో ఉన్న బరువుల పద్ధతి పెట్టినం. ఏ షరతు వల్ల ఓడితే దాని లెక్క ఒకటి పెరుగుతది, విలువల సంఖ్యను ఆ బరువుతో భాగిస్తే తక్కువ వచ్చినది ముందు. బరువు ట్రైల్‌లో పడొద్దు. వెనక్కి వచ్చినప్పుడు బరువు కూడా వెనక్కి తిరిగితే నేర్చుకున్నదంతా పోయినట్టే.

10, 11 అన్నివిధాలా ఒకే తీరు. రెండింటినీ అటూఇటూ మారిస్తే అదే పట్టిక. 1, 4 కూడా అంతే. 10 కన్నా 11 ముందు మొదలుకావొద్దు, 1 కన్నా 4 ముందు వద్దు అని పెట్టినం. ఇది కోడ్‌లో గట్టిగా రాసి పెట్టేది కాదు. వచ్చే వంతుకు ఎడం లెక్కలు మారితే 10, 11 ఒకే తీరు ఉండవు. డేటాను పోల్చి అప్పటికప్పుడు తేల్చాలె.

9, 10 రోజులు. రాత్రి మూతలు తగ్గించుడు

ఏదో ఒక పట్టిక దొరికితే చాలదు. రాత్రి మూత తీయడానికి ఇద్దరు మనుషులు కావాలె, పాముల భయం వేరే. రాత్రి మొదలయ్యే తూములు ఎన్ని తక్కువుంటే అంత మంచిది.

బ్రాంచ్ అండ్ బౌండ్: ఒక పట్టిక దొరికితే, ఇగ మీద దానికన్నా తక్కువే కావాలె అన్న హద్దు పెట్టి సెర్చ్ కొనసాగుతది. రెండు తప్పులు వచ్చినయి. ఆ హద్దును మామూలు డొమైన్ లెక్క ట్రైల్‌లో రాసినం, వెనక్కి రాగానే హద్దు పాతదైపోయింది, దొరికినదాన్నే మళ్లీ దొరికించుకుంది. తర్వాత హద్దును ట్రైల్ బయట పెట్టినం, అప్పుడు ఇంకొకటి: ప్రొపగేటర్లు (ఒక్కో షరతు తరఫున విలువలు తీసేసే కోడ్ ముక్కలు) డొమైన్ మారితేనే లేస్తయి, హద్దు మారితే లేవవు. వెనక్కి వచ్చిన ప్రతిసారీ హద్దు షరతును మనమే తట్టి లేపాలె.

రాత్రి మొదళ్లు 3 దాకా చాలా తొందరగా తగ్గినయి. 2 రాదని రుజువు చేయడానికే సెర్చ్ ఎడతెగకుండా నడిచింది. అప్పుడు పెన్సిల్ తీసుకున్నం.

ఏ పూటలోనూ మూడుకు మించవు కాబట్టి 12 తూములను ఒకదానిమీదొకటి పడకుండా మూడు వరుసల్లో పేర్చొచ్చు. 14 పూటల వరుసలో మూడు పూటల తూములు నాలుగే పడతయి. 12 తూములు, మూడు వరుసలు, కాబట్టి వరుసకు సరిగ్గా నాలుగు. ఆ నాలుగూ పగలే మొదలుకావాలంటే మొదళ్ల మధ్య ఎడం 3 చాలదు, పగలు తర్వాత మూడో పూట రాత్రి అయితది. ఎడం 4 కావాలె: 1, 5, 9, 13. కానీ 13లో మొదలైంది 15లో ముగుస్తది, మనకు 14 వరకే ఉన్నయి. అంటే ప్రతి వరుసలో కనీసం ఒక రాత్రి తప్పదు. మొత్తం 3కు తగ్గదు.

"రాత్రి మొదళ్లు 3 లేదా ఎక్కువ" అన్న ఒక్క లైను మోడల్‌లో కలిపినం. 3 దొరికిన క్షణమే సెర్చ్ ఆగింది. కెపాసిటీ ప్రొపగేటర్ పూటపూటకూ చూస్తది, సరి బేసి లెక్క దానికి కనబడదు. అది మనిషి చూసి చెప్పాల్సిందే.

11వ రోజు. పట్టిక

1వ పూట: 10, 11, 12
4వ పూట: 9
5వ పూట: 5, 7
7వ పూట: 1
9వ పూట: 2, 6
11వ పూట: 3
12వ పూట: 4, 8

రాత్రి మొదలయ్యేవి 9, 4, 8. సరిచూసే ప్రోగ్రాం వేరుగా రాసినం, సాల్వర్ కోడ్‌లోంచి ఒక్క ఫంక్షన్ కూడా తీసుకోకుండా. లేకపోతే ఒకే తప్పు రెండు చోట్లా ఉండి రెండూ సరే అంటయి. పూటపూటకు తెరిచి ఉన్నవి: 3, 3, 3, 1, 3, 3, 3, 1, 3, 2, 3, 3, 3, 2. కూడితే 36, అంటే 12 తూములకు మూడేసి పూటలు.

4, 8 పూటల్లో ఒక్క తూమే ఉంది. మైనరు గేటు దించకపోతే 4 క్యూసెక్కులు కొసకు పోయి వాగులో కలుస్తయి. ఇది అనుకోకుండా వచ్చింది కాదు. పగలు మొదళ్ల కోసం 1 తర్వాత 5, 5 తర్వాత 9 అని ఎడం పెట్టినందుకే ఆ పూటలు ఖాళీ అయినయి. రాత్రి మూతలు తగ్గించుడు, నీళ్లు సమంగా పారుడు ఒకదానికొకటి అడ్డం. ఇప్పటికి గేటు మార్పుల పట్టిక కూడా పక్కన అచ్చు వేస్తున్నం: 4వ పూట మొదట్లో దించాలె, 5లో ఎత్తాలె, 8లో దించాలె, 9లో ఎత్తాలె.

మిగిలినవి

ఇదే మోడల్‌ను మినీజింక్ అనే మోడల్ భాషలో రాసి జీకోడ్‌తో నడిపి, 3 అన్న జవాబును సరిచూడాలె. పట్టిక మనదే రావాలని లేదు, రాత్రి మొదళ్ల లెక్క మాత్రం కలవాలె.

60 తూముల మేజరుకు (పెద్ద కాల్వకు) పోతే మొదట్లో ఒక తప్పు విలువ పడితే దాని కిందనే కాలమంతా పోతది. దానికి రీస్టార్టులు (కొన్ని ఓటములయ్యాక సెర్చ్‌ను మళ్లీ మొదటి నుంచి నడుపుడు) కావాలె, లూబీ వరుసలో: 1, 1, 2, 1, 1, 2, 4, ఇట్ల, ఒక్కోదాన్ని వంద ఓటములతో గుణించి మొదలుపెడతం. బరువులు రీస్టార్టుల మధ్య నిలిచి ఉండాలె. బరువులూ లేక, కొంత చిందరవందర ఎంపికా లేకపోతే, మొదటి నుంచి మొదలుపెట్టి మళ్లీ అదే గుంతలో పడతది.

నీళ్లు పైతూము నుంచి కొసకు చేరే టైమును ఇప్పుడు పూటలో కలిపేసినం. మేజరుకు అది చెల్లదు. పూటను 12 గంటల నుంచి 3 గంటలకు తగ్గిస్తే వారానికి 56 ముక్కలు, డొమైన్ 12 బిట్లలో పట్టదు. 64 బిట్ల అంకెకు మార్చే పని రేపు మొదలు.